నీళ్లున్నంత మేరకే మెరుపు

మే నెలలో బండికి రంగు కొట్టడానికి ఏ వేళ మంచిదని రంగుల కంపెనీల కాగితాలు తిరగేస్తే తెల్లవారుజామున కొట్టమనో, పొద్దు వాలాక కొట్టమనో ఉంటుంది. ఆ కాగితాలు రాసినవాళ్లెవరూ ముదిగుబ్బ పక్కన గొర్రెల మందలు పోయే దారిలో షెడ్డు పెట్టుకుని ఉండరు. మా షెడ్డులో రంగు కొట్టే వేళ మిట్టమధ్యాహ్నం. ముప్పై ఏళ్లకు పైగా రంగు చిమ్మే గన్ను పట్టి, చివరికి మోకాళ్లు మొరాయిస్తే ఇంట్లో కూర్చున్నవాణ్ని చెబుతున్నాను. కొత్త పెయింటర్లు మీరిప్పుడు గాజు తలుపుల గదుల్లో, వడకట్టిన చల్లగాలిలో నిలబడి రంగు కొడుతున్నారు. సంతోషం. కొంచెం కుళ్లు కూడా. అయినా ఒక నీళ్ల లారీ సంగతి చెబుతాను, వినిపోండి. మీకు పనికొచ్చే మాట ఇందులో ఒక్కటే ఉంది. దాన్ని చివర్లో పెడితే చివరి పేజీ మాత్రమే చదివి పోతారు కాబట్టి మధ్యలో పెట్టాను.

మధ్యాహ్నం ఎందుకో ముందు చెప్పాలి. తెల్లవారగానే మందలు మేతకు పోతాయి. అవి లేపిన దుమ్ము ఎనిమిదింటిదాకా కిందికి దిగదు. సాయంత్రం అవే మందలు తిరిగి వస్తాయి. రాత్రి లైటు వేసి కొడదామంటే ఊళ్లో ఉన్న పురుగులన్నీ వచ్చి తడిరంగులోనే ప్రాణాలు విడుస్తాయి. ఇక మిగిలింది మధ్యాహ్నం. ఆ ఎండకు గొర్రె కదలదు, మనిషి కదలడు, దుమ్ము కూడా ఎక్కడిదక్కడ పడుకుని ఉంటుంది. ఒకసారి కంపెనీ కాగితాన్ని నమ్మి ఒక తెల్లకారుకు తెల్లవారుజామున కొట్టాను. సరిగ్గా ఆఖరి కోటు పడ్డాక రెండు మందలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కారు మనిషి వచ్చి చేత్తో తడిమి చూసి, "ఇది మెటాలిక్కా అన్నా, పలుకు పలుకుగా ఉండాది?" అని అడిగాడు. అవునన్నాను. ఆ అబద్ధానికి ఇప్పటికీ సిగ్గుపడుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం దుమ్ము ఉండదు కానీ ఎండ ఉంటుంది. ఎండలో ఏమవుతుందంటే, గన్ను నుంచి బయలుదేరిన రంగు రేకు దాకా పోయేలోపే సగం ఆరిపోతుంది. ఆ ఆరిన పొడి రేకు మీద పడి గరుగ్గా నిలబడుతుంది. కాస్తోకూస్తో తడిగా చేరినా, రేకు కాలుతూ ఉంటుంది కాబట్టి సాఫుగా పరుచుకునే తీరిక దానికి దొరకదు. చీనీకాయ, అంటే బత్తాయి, తొక్క మాదిరి గుంతలు గుంతలుగా గట్టిపడుతుంది. దీనికి మందులు మీకూ తెలిసినవే. నిదానంగా ఆరే థిన్నర్ కలపాలి. గాలి తగ్గించాలి. గన్ను రేకుకు ఇంకో నాలుగు వేళ్లు దగ్గరగా పట్టుకోవాలి. నేల తడపాలి, గోనెపట్టాలు తడిపి చుట్టూ వేలాడదీయాలి. ఈ చివరిది మాత్రం మా ఊళ్లో చాటుగా చేయాల్సిన పని. ఎనిమిది రోజులకు ఒకసారి కొళాయి వచ్చే కాలనీ పక్కన నిలబడి మీరు నేలకు నీళ్లు పోసి చూడండి. జనం మిమ్మల్ని చూసే చూపుకు మీ ముఖం మీది రంగు కూడా ఆరిపోతుంది.

ఆ లారీ మనిషి మొదట్లో గొర్రెలు కాసినవాడే. వరసగా మూడేళ్లు మేత లేక, మందను అమ్మేసి, ఆ దుడ్లతో ఒక పాత లారీ కొని, దాని మీద ఐదు వేల లీటర్ల ట్యాంకు పెట్టించాడు. మందలో ఒక్క పొట్టేలును మాత్రం అమ్మలేకపోయాడు. అది అతని వెంట లారీలోనే తిరిగేది. క్లీనరు సీట్లో కూర్చునేది. బ్రేకు వేసినప్పుడు అతను చేయి అడ్డం పెట్టేవాడు, దానికి దెబ్బ తగలకుండా.

ఒక గురువారం అతను షెడ్డు ముందు లారీ ఆపి దిగాడు. పొట్టేలు కూడా దిగింది.

"అన్నా, సోమవారం ఆఫీసరు వస్తాండాడు. నల్లమాడ పక్క పల్లెలకు ఈ ఎండాకాలమంతా నీళ్లు తోలేదానికి బండ్లు చూసి తీసుకుంటారంట. తుప్పు కనపడితే వాపస్సు. ట్యాంకు కారినా వాపస్సు."

"వాపస్సయితే ఏం చేస్తావు?"

"చేసేదేముండాది. బెంగళూరు పోయి ఎవరిదో అపార్టుమెంటు గేటు కాడ కుర్చీ ఏసుకోని కూర్చోవల్ల. దీన్ని రానిస్తారో లేదో ఆడ," అని పొట్టేలు వైపు చూశాడు.

నేను చిన్నప్పటి నుంచి మొండివాణ్ని గానీ రాయిని కాను. ఈ ట్యాంకును ఆఫీసరు ముందు పెళ్లికొడుకులా నిలబెట్టకపోతే నేను గన్ను పట్టడం దండగ అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది. పైకి అన్నాను. పక్కన మా టింకర్ ఉన్నాడు.

టింకర్ అంటే సొట్టలు తీసి, రేకులు అతికేవాడు. ఆ ట్యాంకు అతుకులన్నీ వేసింది అతనే. నా ఈడువాడే. టీ గ్లాసులో నాలుగు చెంచాల చక్కెర వేసుకుని, నేను చేసే ప్రతి పనికీ వంక పెట్టడం అతనికి అలవాటు.

"ఏమప్పా, బయట నలభై రెండు డిగ్రీలుండాది. ఇంత పెద్ద ట్యాంకు మీద షైనింగు తెప్పిస్తావా నువ్వు?"

"తెప్పిస్తా."

"రాకపోతే?"

"మీసం తీయించుకుంటా."

నా మీసం గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెళ్లిచూపుల్లో మా ఆవిడ నా ముఖం చూడలేదట, మీసం చూసి ఒప్పుకుందట. ముప్పై ఏళ్లు గన్ను ముందు నిలబడినా దాని మీద రంగు పడకుండా గుడ్డ కట్టుకుని కాపాడుకున్నాను. ఊపిరితిత్తుల కోసం మాస్కు పెట్టుకోమని కంపెనీవాళ్లు చెప్పింది తర్వాత. నేను మీసం కోసం ముందునుంచే కట్టుకున్నాను.

టింకర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "నీ మీసం తీసుకోని నేనేం చేసుకోవల్ల? సరే, షైనింగు వస్తే నేను టీలో చక్కెర మానుకుంటా," అన్నాడు. అతనికి అది ప్రాణం పెట్టినట్టే.

పందెం కట్టిన మరునాడు నాకు భయం పట్టుకుంది. బెంగళూరు బస్సులో తెప్పించిన నిదానం థిన్నర్ ఉంది, గోనెపట్టాలు ఉన్నాయి. కానీ ఆ ట్యాంకు మీద అరచేయి పెడితే చర్మం ఊడివచ్చేటట్టుంది. థిన్నర్ ఏం చేస్తుంది, పెనం మీద పోసిన పిండి ఆరకుండా ఉండమంటే ఉంటుందా? ఆలోచిస్తూ షెడ్డు మూలనున్న నీళ్ల డ్రమ్ముకు ఆనుకున్నాను. భుజం కాలింది. నడుము కాలలేదు. మళ్లీ ఆనుకుని చూశాను. డ్రమ్ములో నీళ్లు సగానికే ఉన్నాయి. నీళ్లున్నంత మేర ఇనుము చల్లగా ఉంది, ఆ పైన నిప్పులా ఉంది.

అంతే, నాకు దారి దొరికింది. ట్యాంకు నిండా నీళ్లు పోసి రంగు కొడితే? బోరు నీళ్లు లోపల ఉన్నంతసేపు రేకు చల్లగా ఉంటుంది. రంగు సుఖంగా పరుచుకుంటుంది. ఇంతకాలం నేను షెడ్డును చల్లబరచాలని పాకులాడాను. చల్లబరచాల్సింది బండిని. ఆ సంతోషంలో ఒక్కణ్నే నవ్వుకున్నాను. టింకర్ చూసి, ఎండ తగిలిందనుకుని నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. తాగాను, చెప్పలేదు.

శనివారం పొద్దున లారీ మనిషికి ఫోన్ చేశాను.

"ఉప్పు బోరు కాడికి పోయి ట్యాంకు నిండా నీళ్లు పట్టుకోని రా."

"నిండానా? రంగు కొట్టేదానికి నీళ్లెందుకన్నా?"

"ఎందుకని అడగొద్దు. నింపు."

ఇదిగో, మధ్యలో పెడతానన్న మాట ఇదే. పని చేయించేటప్పుడు ఎందుకో చెప్పండి. మీరు ఎంత గొప్ప పెయింటర్లయినా సరే, కిటుకు బయటపడిపోతుందని ఎంత గింజుకున్నా సరే, ఎందుకో చెప్పండి. చెప్పకపోతే ఎదుటివాడు తనకు తోచిన కారణం ఒకటి పెట్టుకుంటాడు. నేను ఆ ఉదయం చెప్పి ఉంటే ఇవాళ మీకు రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు, నిజమే. కానీ మీసం ఉండేది.

ఎనిమిదింటికి నిండు ట్యాంకుతో లారీ వచ్చింది. మా షెడ్డు పొడవు చాలదు. ముందు చక్రాలు వెనక గోడకు తగిలేదాకా పోనిచ్చినా, లారీ తోక వీధిలోనే ఉండిపోయింది. మధ్యలో తడిపిన గోనెపట్టాల తెర దించాను. ట్యాంకు లోపలుంది. కొళాయి, దానికి తగిలించిన రబ్బరు పైపు మాత్రం తెర బయట, వీధి వైపు ఉన్నాయి. నేను దాన్ని చూశాను, ఏమీ తోచలేదు. ఇన్నేళ్లు ఆ వీధిలో బతికినవాణ్ని, నాకు తోచి ఉండాల్సింది. మా దగ్గర నీళ్లబండి తోక ఏ వీధి వైపు తిరిగి ఆగితే ఆ నీళ్లు ఆ వీధివి. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

పదకొండున్నరకు కుడిపక్క మొదలుపెట్టాను. నీలిరంగు. గాలి తగ్గించి, గన్ను దగ్గరగా పట్టి, పైనుంచి కిందికి ఒక పట్టీ, దాని పక్కన ఇంకో పట్టీ, అలా ముందునుంచి వెనక్కు జరుగుతూ పోయాను. రంగు పడిన చోటల్లా నూనెలా పరుచుకుంది. నలభై డిగ్రీలు దాటిన ఎండలో, వానాకాలం కొట్టినట్టు. కుడిపక్క పూర్తయ్యేసరికి అందులో టింకర్ ముఖం కనపడింది. అతను టీ గ్లాసు అందుకుని, చక్కెర డబ్బా వైపు చాలాసేపు చూశాడు. నా జీవితంలో అంత తృప్తిగా తాగిన టీ ఇంకొకటి లేదు.

మిగతా రంగు కలుపుకోవడానికి తెర పక్కనుంచి బయటికి వచ్చాను. లారీ వెనక నేల మీద వరసగా ఏడెనిమిది రాళ్లు, ఒక తెగిన చెప్పు, ఒక కొబ్బరిచిప్ప, ఒక పగిలిన బకెట్టు కనపడ్డాయి. ఎవరో బుద్ధిమంతుడు లారీ వెనక్కు దొర్లకుండా రాళ్లు పెట్టాడనుకుని మెచ్చుకున్నాను. కొబ్బరిచిప్ప చక్రాన్ని ఎలా ఆపుతుందని ఆలోచించలేదు. అవి మా కాలనీలో బిందెల వరసకు గుర్తులు. బిందె తెచ్చేలోపు చోటు పోకుండా ఏదో ఒకటి పెట్టి పోతారు. గర్వం ఎక్కినప్పుడు కళ్లు పనిచేయవు.

ఒంటిగంటకు కాస్త ముందు ఎడమపక్క మొదలుపెట్టాను. మొదటి పట్టీ పైనుంచి కిందిదాకా అద్దంలా వచ్చింది. రెండోది కూడా. మూడో పట్టీలో పైన అరచేతి మేర మసకగా ఉంది. గాలి ఎక్కువైందనుకుని తగ్గించాను. నాలుగో పట్టీలో ఆ మసక జానెడు దిగింది. థిన్నర్ ఇంకొంచెం పోశాను. ఐదో దాంట్లో మూర దిగింది. గన్ను మూతి విప్పి తుడిచాను. గోనెపట్టాలు మళ్లీ తడిపాను. కంప్రెసర్‌ను తిట్టాను. రంగు అమ్మిన కొట్టువాణ్ని తిట్టాను. టింకర్ అతుకుల మీద నెపం వేశాను. ఏం చేసినా పట్టీకి పట్టీ ఆ గరుకు కిందికి దిగుతూనే ఉంది. మధ్యలో ఆపితే అతుకు కనపడుతుంది, ఆపడానికి లేదు. చివరి పట్టీకి వచ్చేసరికి నడుము పైనంతా చీనీకాయ తొక్క, కిందంతా అద్దం. రెంటికీ మధ్య సరిహద్దు ముందు పైనుంచి వెనక నడుము దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఏటవాలుగా ఉంది.

నాకప్పుడు అనుమానం వచ్చి, పైన రంగు పడని మూత కొక్కెం దగ్గర ట్యాంకును వేలి కణుపుతో కొట్టాను. ఖాళీ బిందెలా మోగింది. కింద కొట్టాను. మోగలేదు. ఒక్క ఉదుటున తెర లాగాను.

బయట ముప్పై మంది ఆడవాళ్లున్నారు. రబ్బరు పైపు మా లారీ మనిషి చేతిలోనే ఉంది. నింపిన బిందె పక్కకు జరుపుతూ, ఇంకో బిందెలో పైపు పెడుతూ, ముఖమంతా నవ్వుతో చెమటలు కక్కుతున్నాడు. వరస ముందు కాలనీలో అందరూ భయపడే అవ్వ ఒకామె నిలబడి ఉంది. ఎవరి రాయి ముందో ఎవరి రాయి వెనకో తేల్చేది ఆమే. అవ్వ నన్ను కిందనుంచి మీదికి చూసింది.

"ఏం నాయనా, మొగమంతా నీలంగా ఉండాది. ఒళ్లు బాగలేదా?"

లారీ మనిషి వైపు చూశాను. నా చూపు చూసి అతని నవ్వు ఆగిపోయింది.

"కారుతాదేమో చూసేదానికి నింపమన్నావనుకుంటినన్నా. పొద్దున్నుంచి ఒక చుక్క కారలేదు. పరీక్ష అయిపాయ గదా. ఉప్పునీళ్లు, తాగేదానికి రావు, పారబోసే బదులు బట్టలకైనా, పశువులకైనా వస్తాయని ఇడిస్తి."

"నన్ను అడగొచ్చు గదప్పా."

"నువ్వే అడగొద్దంటివి."

అతను తలదించుకుని ఇంకో మాట అన్నాడు. "నీళ్లబండి పెట్టుకోని, మొదటి దినమే బిందె పట్టుకోని వచ్చినోళ్లకు లేవంటే ఎట్లన్నా?"

కోపం నా గొంతుదాకా వచ్చింది. ఆ మాటతో మళ్లీ కిందికి పోయింది. ఈ మనిషి ఈ పనికే పుట్టాడు, నేను ఇతన్ని బెంగళూరు గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టబోతున్నాను. అది తలుచుకుంటే నిజంగా ఏడుపొచ్చింది. ముఖం నీలంగా ఉండబట్టి ఎవరికీ తెలియలేదు.

పొట్టేలు కూడా నీలంగానే ఉంది. దాన్ని తెర లోపల కట్టేసి ఉంచారు. గాలిలో ఆరిన రంగుపొడి అంతా దాని ఉన్ని మీద సమంగా దిగింది. నేను ట్యాంకు మీద సాధించలేనిది దాని మీద సాధించాను, ఎక్కడా ఒక్క మచ్చ లేదు.

ఆదివారం రోజంతా ఆ గరుకును సాఫు చేయాలని చూశాం. మళ్లీ కొడదామంటే రంగు లేదు, బెంగళూరు థిన్నర్ అయిపోయింది, కొట్లు మూసి ఉన్నాయి. నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్దాం, మైనం పెట్టి తోమాం. ట్యాంకు ఎందుకు నింపమన్నానో అడిగిన ప్రతివాళ్లకూ అప్పుడు చెప్పాను. నా పరువు కోసం టింకర్ కూడా పక్కన నిలబడి చేయి నొప్పెట్టేదాకా రుద్దాడు. మసక కాస్త సాఫుగా మసకయింది, అంతే. సాయంత్రం నేను ట్యాంకు వెనక పెద్ద అక్షరాలతో 'నీళ్లు' అని రాసి ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. మీసం గురించి ఆ రాత్రి ఒక్కసారి కూడా తలుచుకోలేదంటే మీరు నమ్మాలి.

సోమవారం పొద్దున మా షెడ్డు ముందున్న ఖాళీ స్థలంలో నాలుగు నీళ్లబండ్లు వరసగా నిలబడ్డాయి. ఆఫీసరు చిన్న వయసువాడు, ముఖంలో నవ్వు లేదు. వెంట ఒక నోటుపుస్తకం. మొదటి బండి దగ్గర, "నీళ్లు నింపి, నాలుగు గంటలు నిలబెట్టి చూపించండి," అన్నాడు. ఆ రోజు కరెంటు లేదు, బోరు ఆడలేదు. నింపడానికి ఎవరికీ దారి లేదు. ఇంకో రోజు చూస్తానంటూ మొదటి మూడు బండ్లను పక్కన పెట్టేశాడు. మాది నాలుగోది. ఆ ఇంకో రోజు ఎప్పుడొస్తుందో తెలీదు, ఈలోపల వేరే మండలం బండ్లు వచ్చి పనంతా పట్టుకుపోతాయని అందరికీ తెలుసు.

ఆయన కుడిపక్క చూసి తల ఊపాడు. ఎడమపక్కకు వచ్చి ఆగిపోయాడు. ఆ ఏటవాలు గీత మీద పైనుంచి కిందిదాకా అరచెయ్యి పోనిచ్చాడు.

"ఏందిది?"

"డిజైను సార్," అన్నాను. తెల్లకారు నాటి అలవాటు.

"ఒక పక్కే ఎందుకు?"

"కొత్త రకం సార్."

"అదీ డిజైనేనా?" అని ఆయన నీలం పొట్టేలును చూపించాడు. దానికి నేను ఏదో ఒకటి చెప్పేవాణ్నే. అవ్వ బిందె చంకన పెట్టుకుని ముందుకు వచ్చేసింది.

"డిజైనూ లేదు ఏమీ లేదు సారూ. ఈ పెయింటర్ నాయన ట్యాంకు సల్లగా ఉండల్లని నీళ్లు నింపిచ్చినాడు. నింపినోడేమో మాకు ఇడిసినాడు. మేం పట్టుకుంటాంటే నీళ్లు దిగె, నీళ్లు దిగితే మెరుపు దిగె. పెద్ద బిందెలే నూటా నలభై, నేనే ఎంచినా. తప్పంటే మాది."

నా ప్రాణం పోయినంత పనైంది. ఆఫీసరు నోటుపుస్తకం చంకలో పెట్టుకున్నాడు. మళ్లీ ముందుకు పోయి, ట్యాంకు మొదట్లో, గీత మొదలైన చోట వేలు పెట్టాడు.

"నీళ్లు ఎన్నింటికి నింపినారు?"

"ఎనిమిదింటికి సార్," అన్నాడు లారీ మనిషి.

"ఈ పక్క రంగు ఎన్నింటికి మొదలుపెట్టినావు?" అని నన్ను అడిగాడు.

"ఒంటిగంటకు ముందర."

"ఈడ పైదాకా మెరుస్తాంది. అంటే ఒంటిగంటకు ట్యాంకు నిండుగా ఉండాది. ఐదు గంటలు నిలబడినా చుక్క కారలేదు." ఆయన పెన్ను తీశాడు. "నేను చూడాల్సిన పరీక్ష మీరే రంగుతో రాసిపెట్టినారు. తీసుకుంటున్నా." రెండడుగులు వేసి వెనక్కు తిరిగి, అప్పుడు మాత్రం కాస్త నవ్వి, "పొట్టేలును కడగండప్పా," అన్నాడు.

లారీ మనిషి నన్ను వాటేసుకున్నాడు. నేనూ వాటేసుకున్నాను. ఎవరు చూస్తే ఏమిటి? నా తప్పును ఇంకొకరు ఇంత తెలివిగా చదవడం నాకు అదే మొదటిసారి, అదే చివరిసారి.

పందెం మాత్రం మిగిలింది. టింకర్ దాన్ని అవ్వ ముందు పెట్టాడు. అవ్వ లారీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, రాళ్ల వరస తేల్చినట్టే తేల్చేసింది. కుడిపక్క మెరిసింది కాబట్టి కుడి మీసం నాది. ఎడమపక్క ఎట్లుందో ఎడమ మీసం అట్లే ఉండాలి. టింకర్ చక్కెర నాలుగు చెంచాల నుంచి రెండుకు దిగాలి. అందరికీ న్యాయంగానే తోచింది. టింకర్ కత్తెర తెచ్చి, కన్ను చికిలించి, లారీని చూస్తూ, నా ఎడమ మీసాన్ని ముక్కు దగ్గర నుంచి ఏటవాలుగా దించాడు. రేకు కత్తిరించే చేయి కదా, గీత చక్కగా వచ్చింది.

ఇంటికి పోతే మా ఆవిడ తలుపు తీసి, అలాగే చూస్తూ నిలబడింది. జరిగిందంతా చెప్పాను. "కాలనీ అంతటికీ నీళ్లిచ్చినారు. నేను మాత్రం ఇంట్లో కూర్చుంటి," అంది. మీసం గురించి ఏమీ అనలేదు. మరునాడు నేనే మొత్తం తీసేశాను. మళ్లీ పెంచాను గానీ ఎడమవైపు ఇప్పటికీ కాస్త వెనకబడే ఉంటుంది.

ఆ లారీ ఇప్పటికీ తిరుగుతోంది. ఈ మధ్య మా వీధికి కూడా వస్తోంది. దానికి మళ్లీ రంగు కొడతానని, ఈసారి రెండు పక్కలా సరిగ్గా కొడతానని ఎన్నిసార్లు అడిగానో. అతను ఒప్పుకోలేదు. ఆ గీత చూసే తనకు పని ఇచ్చారట, గీత పోతే పని పోతుందట. పొట్టేలు ముసలిదైంది, ఇంకా క్లీనరు సీట్లోనే కూర్చుంటుంది. మెడ మడతల్లో నీలం పూర్తిగా పోలేదు.

మొన్న లారీ వచ్చినప్పుడు నేనూ అందరితోపాటు ఒక రాయి పెట్టి, బిందె తెచ్చుకుని వరసలో నిలబడ్డాను. మోకాళ్లు నొప్పులని కర్ర ఆనుకుని ఉన్నాను. నా వంతు వచ్చింది. అతను బిందె నింపాడు. పైపు తీయకుండా దాన్ని లాక్కుంటూ మా గడప దాటి లోపలికి పోయి, మా ఆవిడ చూపించిన పెద్ద డ్రమ్ములో పెట్టాడు. వీధిలో ఎవరికీ డ్రమ్ము నింపరు, మనిషికి ఒక బిందె లెక్క. వరసలో వాళ్లు మమ్మల్నే చూస్తున్నారు.

"ఏందప్పా ఇది, నా ఒక్కనికి ఇన్నెందుకు?" అన్నాను.

అతను పైపు వైపే చూస్తూ, నవ్వు ఆపుకుంటూ అన్నాడు.

"ఎందుకని అడగొద్దన్నా. నింపుకో."